క్రీడాభిరామమున ఓరుగల్లు: పురవర్ణనము, వక్తృదృష్టి

కావ్యములందలి పురవర్ణనములను మన విమర్శకులు సాధారణముగ రెండు విధముల పరిశీలించుచున్నారు. ఆలంకారికులు వానిని అష్టాదశవర్ణనములలో నొకటిగ గణించి కల్పనాచమత్కృతిని మెచ్చుకొందురు. చరిత్రకారులు వానినుండి ఆహారములను, ఆచారములను, వినోదములను ఏరి సాంఘికచరిత్రకు సాక్ష్యముగ గ్రహింతురు. ఈ రెండు మార్గములందును ఒక ప్రశ్న మిగిలిపోవుచున్నది. నగరమును గూర్చి ఎవరు, ఎవరితో, ఎచట నిలిచి పలుకుచున్నారు? వాక్యపరిధిని దాటి భాషను పరిశీలించుటకు 1952లో జెలిగ్ హారిస్ ప్రతిపాదించిన ప్రసంగవిశ్లేషణము, తరువాతివారి చేతులలో విస్తరించి, ఈ ప్రశ్నకు ప్రాధాన్యము నిచ్చినది.

మనుచరిత్రలోని అరుణాస్పదపురమును వర్ణించునది కవియే. నగరమంతయు ఆతనికి ఒక్కమారే గోచరించును. నాలుగు వర్ణములవారును తమ తమ గుణములతో వరుసదీరి నిలుతురు. ఆ వర్ణనలో వారెవ్వరికిని పేరు లేదు, మాట లేదు. అది ఊరు కాదు, ఒక వ్యవస్థయొక్క ఆదర్శరూపము.

వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము వీథి అను రూపకభేదము. ఇందు గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నడచుచు చూచినదే ఓరుగల్లు. పూటకూళ్ల యిల్లు, మైలారభటుల సాహసములు, పలనాటి వీరగాథాగానము, కోడిపందెము, మాచల్దేవి చిత్రశాల వరుసగ ఎదురగును. సంబోధనములును, ఎదుటి వస్తువును జూపు పలుకులును పాఠకుని వారి వెంట నడపించును.

అంతమాత్రమున నిది యథార్థచిత్రమనరాదు. ఇది తీరికయు, చేతిలో రూకయు గల పురుషుల నగరము. వృత్తులు చేసికొను స్త్రీలు సైతము ప్రాయికముగ పనిచేత గాక రూపముచేతనే వర్ణితులైరి. ఒక్క రూకకు లభించు భోజనమును గూర్చిన ప్రసిద్ధపద్యము చెప్పునది విప్రుల భోజనమును. దానినుండి నగరప్రజలందరి ఆహారమును నిర్ణయింప వీలులేదు. మరియు సంస్కృతమూలమని చెప్పబడు ప్రేమాభిరామము లభింపలేదు. తెలుగుకృతి 1323లో ఓరుగల్లు పతనమైన తరువాతిది. కావున ఇందలి వర్తమానకాలమున స్మృతియు కలసియున్నది.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ కృతిని విరివిగ వినియోగించి పరిశోధకులకు మహోపకారము చేసిరి. ఆ సాక్ష్యమును త్రోసివేయనక్కరలేదు. ప్రతివిషయముతోపాటు దానిని పలికిన నోటిని గూడ గుర్తించినచో చాలును. అప్పుడు కావ్యము చెప్పినదే గాక, చెప్పక విడిచిన వాడలును పరిశోధకునికి ప్రశ్నలగును.