విప్పకముందే తెలియాలి

పాత ట్రాక్టరు దమ్ములో మొరాయించిందంటే ఆసామి నోట వచ్చే మొదటి మాట, "క్లచ్ ప్లేటు పోయింది." మంచి మెకానిక్ ఆ మాట వింటాడు గానీ నమ్మడు. ప్లేటు మార్చాలంటే బండిని నడుం దగ్గర రెండుగా విడదీయాలి: ఇంజనొక పక్క, గేరుబాక్సొక పక్క. నాట్ల అదనులో ఆ పని పెట్టుకుంటే ఖర్చు అటుంచి, పొలం ఆగిపోతుంది. అందుకే మన ఊళ్ల మెకానిక్కుల విద్య పానా పట్టకముందే మొదలవుతుంది.

ముందు పెడల్. కాలితో కాదు, చేత్తో నొక్కి చూస్తాడు. కొంత దూరం ఊరికే దిగి, ఆ తర్వాత బిగువు తగలాలి. ఆ ఊరికే దిగేదే ఫ్రీ ప్లే. మోడల్‌ను బట్టి మారినా, చాలా పాత బళ్లలో అది అంగుళానికి అటూ ఇటూగా ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ప్లే తగ్గిపోతుంది. అసలే లేకపోతే రిలీజ్ బేరింగు ప్రెజర్ ప్లేటు ఫింగర్లను ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది. ప్లేటు జారుతుంది, కాలుతుంది. ప్లే మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు వేస్తే కరకరమంటుంది. రెంటికీ ముందు చూడాల్సింది బయట లింకు రాడ్డు మీది నట్టునే. దాన్ని సరిచేసి పంపేయాల్సిన బండిని విప్పిన మెకానిక్‌ని నేనైతే మెకానిక్ అనను.

అక్కడ తేలకపోతే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదులుతాడు. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్టే. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే అనుమానం రిలీజ్ బేరింగు మీదికి పోతుంది. ఆ తర్వాత బండి కిందికి దూరి హౌసింగ్ అడుగున ఉన్న చిన్న కన్నం చూస్తాడు. అక్కడ నూనె కారుతుంటే వేలికి రాసుకుని వాసన పట్టడమే. ఘాటుగా గంధకపు వాసన వస్తే గేరు ఆయిల్: గేరుబాక్సు వైపు సీలు పోయింది. నల్లగా పలచగా ఉంటే ఇంజన్ ఆయిల్: క్రాంకు వెనక సీలు. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ తడిసిపోతుంది. పాత ప్లేటును పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేయడం ఆ పూట గడుపుకోవడమే.

టాఫే కంపెనీ 1960లో మద్రాసులో మొదలై మనకు అలవాటు చేసిన మాసీ ఫెర్గూసన్లలో డ్యూయల్ క్లచ్ ఉన్నవాటికి ఇంకో తిరకాసు ఉంది. పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ (వెనక యంత్రాలను తిప్పే షాఫ్టు) తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే అదీ ఆగుతుంది. బండి బరువు బాగానే లాగుతూ, నూర్పిడి యంత్రం మాత్రం నీరసపడితే, చెడింది పీటీఓ ప్లేటే కావచ్చు.

విప్పక తప్పనప్పుడు మొదట చేయాల్సింది ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్కలు దిగ్గొట్టడం. ఆ ఇరుసు నడిమి పిన్ను మీద ఊగుతుంది. చెక్కలు మరిస్తే విడిపోయిన ఇంజన్ పక్కకు ఒరుగుతుంది, కింద మనిషి ఉంటే అంతే సంగతులు. లోపలి దుమ్మును నోటితోనో గాలి గొట్టంతోనో ఊదకూడదు, పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, సన్నటి పగుళ్లు ఉంటే లేతు మీదికి పంపాల్సిందే. కొత్త రిలీజ్ బేరింగును డీజిల్‌లో ముంచకూడదు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

పనితనం తెలిసేది మళ్లీ కలిపేటప్పుడు. పాత గేరుబాక్సు షాఫ్టు ముక్కను ప్లేటు నడిమి రంధ్రంలో పెట్టి, అది ఫ్లైవీల్ నడిమికి సరిగ్గా వచ్చాకే ప్రెజర్ ప్లేటు బోల్టులు బిగించాలి, అదీ ఎదురెదురుగా కొద్దికొద్దిగా. ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో నిలవాలి. తర్వాత రెండు ముక్కల్ని దగ్గరికి తెస్తారు. చివర్లో కాస్త సందు మిగులుతుంది. తొందరగాళ్లు దాన్ని బోల్టులతో లాగేస్తారు. దాంతో ప్లేటు నడిమి భాగం వంగి, కొత్త క్లచ్ మొదటి రోజు నుంచే వణుకుతుంది. చేయి తిరిగినవాడు ఫ్లైవీల్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతాడు. పళ్లు కలిశాయంటే ఆ సందు దానంతటదే మూసుకుంటుంది.

బండి అప్పగించేటప్పుడు అడిగేది డ్రైవర్‌ని: "తోలేటప్పుడు కాలు ఎక్కడుంటుంది బాబాయ్?" పెడల్ మీదే కాలు ఆనించి తోలే అలవాటుంటే, సరైన ఫ్రీ ప్లే కూడా ప్లేటును కాపాడలేదు. వానాకాలం షెడ్డులో నిలిపితే పెడల్ తొక్కి కర్ర ఆనించి ఉంచమని కూడా చెబుతాడు. లేదంటే తుప్పుతో ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది, మళ్లీ అతని దగ్గరికే రావాలి.