దాంతే కావ్యమున గర్వము, క్రోధము, స్వతంత్రేచ్ఛ

గుణదలకొండ మీఁద 1924లో ఇటలీదేశీయుఁడగు అర్లాటి గురువు మరియమాత ప్రతిమను నిలిపెను. నాఁటినుండి యాత్రికు లా కొండ నెక్కుచున్నారు. ఆ గురువు దేశపు మహాకవి దాంతే (1265–1321) తన ‘కొమ్మెదియా’ రెండవ భాగమునఁ గల్పించినదియు నొక కొండయే. తెలుఁగు కథోలికులు ‘ఉత్తరించు స్థల’ మనునది యందు సప్తసోపానములు గల పర్వతమైనది. ప్రతిసోపానమునను దోషమునకు విరుద్ధమగు గుణమునకు మొదటి యుదాహరణము మరియమాతయే.

మొదటి సోపానమున గర్వితులు బండలు మోయుచు నేలకు వంగి నడతురు. కవి వారిని దూరమునుండి చూచి యూరకుండఁడు. చిత్రకారుఁడగు ఒదెరిసితో మాటాడుటకై తానును వంగి, జోడెద్దువలె నతని ప్రక్కన నడచును. ఆ బరువు తనకును రాఁగలదని పై సోపానమున నొప్పుకొనును. ఆత్మస్తుతితోఁ గావ్యము నారంభించు కవులకు నలవడిన చదువరి కీ యొప్పుకోలు వింతగాఁ దోఁచును.

మూఁడవ సోపానమునఁ గ్రోధులు కారుపొగలోఁ దిరుగుదురు. కోపమునఁ గన్ను గానరాదను మాట యచట దృశ్యమైనది. నూఱు సర్గల కావ్యమున సరిగా నేఁబదియవ సర్గమందు, ఆ పొగలోనే, మార్కో లొంబార్దొ స్వతంత్రేచ్ఛను గూర్చి చెప్పును. లోకము చెడుటకుఁ గారణము నక్షత్రములా, మనుష్యులా యని కవి ప్రశ్న. నక్షత్రములు కొన్ని ప్రవృత్తులను మేల్కొల్పిన మేల్కొల్పుఁ గాక. మంచిచెడ్డల నెఱుఁగు వెలుఁగును, ఎన్నుకొను శక్తియు నరునికిఁ గలవు. అవి లేనిచో శిక్షయే యన్యాయ మని మార్కో యుత్తరము. పిమ్మట నతఁడు పోపు ఖడ్గమును జేపట్టుటను నిందించును గాని, యది వేఱు చర్చ. ఈ బోధకుఁ బొగ యేల? ‘నేను గాదు, నా కోపము చేసినది’ యని నరుఁడు తప్పించుకొనఁజూచు చోటదియే గదా. చూపు లేనిచోటను బాధ్యత పోదని కవి యాశయము.

దీనిని కర్మఫల మని సరిపెట్టుట తొందరపాటు. పోతన భాగవతమున మౌననిష్ఠుఁడగు ఇంద్రద్యుమ్నుఁడు తన్నుఁ బూజింపలేదని యగస్త్యుఁ డలిగి శపించును, రాజు గజమగును, హరి వచ్చి విడిపించును. శాపమును మోక్షమును వెలుపలినుండియే వచ్చినవి. అలిగిన మునికి శిక్ష లేదు. దాంతే యైనచో నతనినిఁ బొగలోఁ జేర్చెడివాఁడు. ఆ కొండమీఁద విడుదల యాత్మలోనే తెలియును. అయిదవ సోపానమున నయిదువందల యేండ్లకుఁ బైగాఁ బడియుండిన స్తాత్సియుసు కవి, తన యిచ్ఛ నిర్మలమైనట్లు తనకే తోఁచిన క్షణమున లేచి నిలిచెను. అప్పుడు కొండ యంతయుఁ గంపించెను.