గడీల లోపలి యలంకారము : రక్షణ సమస్య

నాందేడు జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతముల తెలుగువారికి ‘గడి’ క్రొత్త మాట కాదు. తెలంగాణమున దొర నివసించిన కోటవంటి యింటిని గడి యందురు. మరాఠ్వాడాలో నదియే ‘గఢీ’. అచటి పట్టణములలోని పెద్ద యిల్లు ‘వాడా’. 1956 నవంబరు 1 వరకు నీ ప్రాంతములన్నియు నొక్క హైదరాబాదు రాజ్యములోనివి. ఆనాడు ముధోల్, భైంసా, జుక్కల్, బిచ్కుంద ప్రాంతములు నాందేడు నుండి విడివడి ఆంధ్రప్రదేశమున చేరినవి. ఎల్లలు మారినను ఇండ్ల తీరు మారలేదు. నడుమ ముంగిలి, చుట్టును టేకు స్తంభముల వసారా, దూలములకు చెక్కడము, గోడలకు గచ్చుపని ఇరువైపుల వారికిని పరిచితములే.

1949లో జాగీర్లు రద్దయిన పిదప పెక్కు గడీలు పాడువడినవి. వెట్టిచాకిరితో నిలిచిన యిల్లు కూలిన నేమి యని కొందరందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. గడిలో నన్యాయము జరిగినది నిజము. అయినను ఆ గోడపై పూలతీగను తీర్చినది దొర చేయి కాదు. పేరు తెలియని వడ్రంగికిని, గచ్చుపనివానికిని మిగిలిన సాక్ష్య మదొక్కటే. దానిని కూలనిచ్చినచో దొర పేరు దస్తావేజులలో నిలుచును. పనివాడు మాత్రము రెండవమారు మరువబడును.

రక్షణ యెవరి కొరకను ప్రశ్న కూడ కలదు. హైదరాబాదులోని ఫలక్‌నుమా 2010లో హోటలుగా తెరువబడినది. అచటి లోపలి శోభ నిలిచినది గాని సామాన్యునకు సులభదర్శనము కాదు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడి దారి వేరు. శిథిలమైన యా గడిని వంశీకులు పూని బాగుచేయించిరి. 2022లో దానికి యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. పల్లెలోని గడి పల్లెవారికి మరల నుపయోగపడుట యిందలి విశేషము.

ఇట్టి పని సద్బుద్ధి యొక్కటితోనే సాగదు. పాత గోడ డంగుసున్నముతో కట్టినది. అది తేమను పీల్చి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపల చిక్కుకొనును, లవణములు పొంగును, గచ్చు పెచ్చులుగా రాలును. చెక్కడముపై తైలవర్ణము మందముగా పూసినచో ఉలిగీత పూడిపోవును. ద్వారబంధము నూడదీసి యమ్మినచో నది యెవరి యింటనో అలంకారవస్తువగునే గాని, ఏ గదికి, ఏ కొలతకు, ఏల చెక్కబడెనో చెప్పజాలదు.

కావున మరమ్మతునకు ధనము లేనిచోటను చేయదగిన పని యొకటి కలదు. పైకప్పు కురియకుండ చూచి, స్తంభములను, తలుపులను, గచ్చుపూలను కొలిచి, బొమ్మ గీసి, ఛాయాచిత్రములు తీసి యుంచవలెను. ఆ యింట వెట్టి చేసినవారి సంతతి చెప్పు మాటలను గూడ అందే వ్రాసికొనవలెను. ఈ రెండును చేరినపుడే గడి చరిత్ర పూర్ణమగును. పై చూరు పడిన పిమ్మట రెండు వానకాలములు చాలును, గచ్చుపూవు మన్నగుటకు.