చుక్కల్లో ఛాయలు: ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి ముద్రణ విద్య

వంగభాషలో బాలసాహిత్యానికి రూపురేఖలు దిద్దినవారిలో అగ్రగణ్యుడైన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి (1863-1915) నేడు సత్యజిత్ రాయ్ తాతగానే ఎక్కువమందికి పరిచితులు. కథకుడు, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు అయిన ఆయనే భారతదేశంలో హాఫ్‌టోన్ ముద్రణను శాస్త్రంగా సాధన చేసిన తొలితరం వ్యక్తి కావడం, ఆ సాధనకు పిల్లల పుస్తకమే కారణం కావడం తగినంతగా గుర్తింపు పొందలేదు. మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో కామదారంజన్‌గా పుట్టి, బాల్యంలోనే బంధువైన జమీందారుకు దత్తుడై కొత్త పేరు పొంది, కలకత్తాలో చదువుకొని బ్రహ్మసమాజంలో చేరిన ఆయన, బాలల కోసం రామాయణాన్ని తేలిక వచనంలో రాసి బొమ్మలు కూడా తానే వేశారు. చెక్కపై చెక్కించి అచ్చువేసేసరికి ఆ బొమ్మల సొగసు చెడిపోయింది. పిల్లలకు ఆమాత్రం చాలునని సరిపెట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. 1895లో లండన్‌లోని పెన్‌రోజ్ సంస్థ నుంచి పరికరాలు తెప్పించి సొంతంగా బ్లాకుల తయారీకి పూనుకొన్నారు.

అచ్చుయంత్రానికి సిరా అంటిన చోట నలుపు, అంటని చోట కాగితపు తెలుపు తప్ప నడిమి ఛాయలు తెలియవు. హాఫ్‌టోన్ పద్ధతి ఈ చిక్కును చుక్కలతో విప్పుతుంది: సన్నని గీతలు గీసిన రెండు గాజుపలకలను గీతలు అడ్డంగా కలిసేలా అతికించి, ఆ తెరను కెమెరాలో ప్లేటుకు కొంచెం ముందు నిలిపి ఫొటో తీస్తే, చిత్రం చిన్నాపెద్దా చుక్కలుగా విడిపోతుంది, దాన్ని రాగి లేదా జింకు రేకుపైకి దించి, చుక్కలు ఉబ్బెత్తుగా మిగిలేలా ఆమ్లంతో తొలిపిస్తే బ్లాకు సిద్ధమవుతుంది. అచ్చులో పెద్ద చుక్కలున్న చోటు ముదురుగా, చిన్నవి ఉన్న చోటు లేతగా కంటికి కనిపిస్తుంది. అయితే తెరకూ ప్లేటుకూ మధ్య దూరం ఎంతుండాలి, కటకపు ద్వారం ఏ కొలతలో ఏ ఆకారంలో ఉండాలి అన్నవాటిపైనే ఫలితమంతా ఆధారపడుతుంది. పనివారు అనుభవం మీద, అంచనా మీద సర్దుకొనే ఈ విషయాలకు ఉపేంద్రకిశోర్ జ్యామితితో సమాధానం వెదికారు. తెరలోని ఒక్కొక్క రంధ్రం గుండా వెలుతురు ప్లేటుపై ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టి, తెరను సరిగా నిలిపే విధానాన్నీ, గీతలు 60 డిగ్రీల కోణంలో కలిసే తెరనూ, ఒకటికి మించిన రంధ్రాలున్న ద్వారాలనూ వివరిస్తూ 1897 నుంచి పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో వ్యాసాలు ప్రకటించారు. ముద్రణ వృత్తి కేంద్రాలకు అంత దూరాన, కలకత్తాలోని తన ఇంట్లో ప్రయోగాలు చేస్తూ అక్కడి నిపుణులతో సమఉజ్జీగా మాట్లాడగలగడం అసాధారణమైన విషయం.

ఈ శ్రద్ధే ఆయన వచనంలోనూ ఉంది. 1910లో వెలువడిన ‘టున్‌టునిర్ బోయి’లోని కథలు, పిల్లలు అన్నం తినకుండానే నిద్రపోకుండా తూర్పు వంగదేశపు స్త్రీలు సాయంవేళ చెప్పేవి; ఆకులు కుట్టి గూడు కట్టే చిట్టిపిట్ట రాజును ముప్పుతిప్పలు పెట్టే ఆ కథల్లో ఆయన నీతిబోధ చొప్పించలేదు, పలుకుబడిని పండితభాషగా మార్చలేదు. 1913లో ఆరంభించిన ‘సందేశ్’ మాసపత్రికలో రచన, చిత్రణ, బ్లాకుల తయారీ, ముద్రణ అన్నీ ఒకే కప్పు కిందికి వచ్చాయి. రంగుల బొమ్మలు కూడా సొంత సంస్థ యు. రాయ్ అండ్ సన్స్‌లోనే తయారయ్యేవి. 1915 డిసెంబరులో ఆయన మరణించాక, ఇంగ్లండులో ముద్రణవిద్య అభ్యసించి వచ్చిన కుమారుడు సుకుమార్ రాయ్ పత్రికనూ ముద్రణాలయాన్నీ చేపట్టి, తన హాస్యకవితలకూ బొమ్మలకూ ఆ పుటల్లోనే చోటు కల్పించుకొన్నారు.