గుల్ల సున్నంతో లేచిన చెన్నపట్నం

చెన్నైలో జార్జి టౌన్ అని పిలిచే పేట, కూల్చేసిన ఊరికి బదులుగా పెరిగిన ఊరు. అసలు ఊరు సెయింట్ జార్జి కోట ఉత్తరపు గోడను ఆనుకుని, ఇప్పుడు హైకోర్టు ఆవరణ ఉన్న చోట ఉండేది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఇక్కడి ఇసుక తీరాన్ని ఇచ్చాక నేతగాళ్లు, అద్దకంవాళ్లు, దుబాషీలు, తెలుగు వర్తకులు కోట నీడన ఇళ్లు కట్టుకున్నారు. బేరి తిమ్మప్ప పోషించిన చెన్నకేశవస్వామి గుడి ఆ ఊరి నడిబొడ్డున ఉండేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని బ్లాక్ టౌన్ అన్నారు.

1746లో లా బూర్దొనే నాయకత్వాన ఫ్రెంచివాళ్లు కోటను పట్టుకున్నారు. కోటగోడకు ఆనుకుని ఇళ్లుంటే శత్రువు వాటి చాటున దగ్గరికి రాగలడు. అందుకని ఆ పక్కనున్న ఇళ్లను పడగొట్టించారు. 1749లో పట్నం తిరిగి చేతికి వచ్చాక మిగిలినదాన్ని పడగొట్టే పని ఇంగ్లీషువాళ్లే పూర్తిచేశారు. 1757లో చెన్నకేశవుడి గుడికీ అదే గతి పట్టింది. 1758 డిసెంబరు నుంచి 1759 ఫిబ్రవరి దాకా ఫ్రెంచి సేనాని లాలీ సాగించిన ముట్టడిలో ఫిరంగులు ఇంకా నష్టం చేశాయి. నిలువ నీడ పోయిన జనం ఉత్తరాన ముత్యాలపేటకు, పడమటన పెద్దనాయకునిపేటకు తరలారు. గుడికి కంపెనీ వేరే స్థలం ఇచ్చింది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో దేవరాజ మొదలి వీధిలో జంట గుళ్లు లేచాయి. కోటకూ ఊరికీ నడుమ మళ్లీ ఎవరూ ఇల్లు కట్టకుండా 1773లో హద్దు స్తంభాలు పాతారు. వాటిలో ఒకటి పారిస్ కార్నర్‌లో ఇప్పటికీ ఉంది.

ధ్వంసమైన ఊరిని వేరే చోట కొత్తగా కట్టుకోవడానికి ప్రపంచం ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ సిసిలీ ద్వీపంలోని నోటో. 1693 జనవరి 11న వచ్చిన భూకంపానికి కొండమీది పాత నోటో నేలమట్టమైంది. దిగువన, సముద్రం వైపు, బరోక్ శైలిలో కొత్త పట్నం లేచింది. అక్కడి పసుపు ఛాయ సున్నపురాయి ఉలికి తేలిగ్గా లొంగుతుంది కాబట్టి బాల్కనీల కింద సింహాలూ గుర్రాలూ పుట్టుకొచ్చాయి. చెన్నపట్నానికి ఆ అదృష్టం లేదు. పల్లావరం గుట్టల నల్లరాయి చాలా కఠినం, చెక్కించాలంటే ఖరీదు. చేతికందేవి ఇటుక, ఇసుక, గుల్లలు. పాలరాతిని తలపించే నునుపును ఈ పట్నం వాటి నుంచే రాబట్టుకుంది.

గుల్లలు తీరం వెంబడీ ఉప్పుటేళ్లలోనూ దొరికేవి. పులికాట్ సరస్సు అడుగున శతాబ్దాలుగా పేరుకున్న గుల్లల మేటలు ఇందుకు పెట్టింది పేరు. గుల్లలను కడిగి, బొగ్గుతో పొరలు పొరలుగా బట్టీలో పేర్చి కాలుస్తారు. కాలిన గుల్లమీద నీళ్లు చల్లితే బుసబుసా పొంగి తెల్లటి పిండిగా విరిసిపోతుంది. రాతి సున్నంలో మట్టి పాలు ఎంతో కొంత ఉంటుంది, గుల్ల సున్నంలో అది దాదాపు ఉండదు. ఆ తెల్లదనం అందుకే వచ్చింది. గోడ కట్టడానికి ఈ సున్నంలో ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరి, కొన్నాళ్లు మాగనిచ్చేవారు. మాగని సున్నం గోడమీద పొక్కులు లేస్తుందని ప్రతి మేస్త్రీకీ తెలుసు.

మద్రాసు పూతలో మూడు పొరలు. మొదటిది ముతక ఇసుక కలిసిన మందపాటి పూత. దాన్ని బెల్లం నీళ్లతో కలుపుతారు. పూర్తిగా ఆరకముందే రెండోది పడాలి. అందులో ఇసుక తక్కువ, సున్నం ఎక్కువ. పేరు తెచ్చింది మూడోదే. జల్లెడ పట్టిన గుల్ల సున్నాన్నీ సన్నటి తెల్ల ఇసుకనూ రాతిమీద వెన్నలా నూరి, గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి పల్చగా పూస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు శ్రమ. తడి ఉండగానే తాపీతో రుద్ది, తర్వాత నున్నటి స్ఫటికపు రాయితో గంటల తరబడి మెరుగు పెట్టాలి. నడుమ నడుమ బలపం పొడి చల్లుతారు. మెరుగు పెట్టాక కూడా కొన్ని రోజులపాటు గోడ చెమర్చుతూనే ఉంటుంది. ఆ చెమ్మను మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండకపోతే మెరుపు మచ్చలు పడుతుంది.

పాత మేడల గోడలన్నీ కోడిగుడ్లతో కట్టారన్న మాట చెన్నైలో తరచు వినిపిస్తుంది, కానీ అది అతిశయోక్తి. గుడ్లు పడేది ఆఖరి పూతలోనే, అదీ డబ్బున్నవాళ్ల హాళ్లకూ స్తంభాలకూ. మామూలు గోడకు బెల్లమూ కరక్కాయ కషాయమూ చాలు. వీటి వాడకం వట్టి నమ్మకం కాదు. బెల్లంలోని చక్కెర వల్ల సున్నం నీటిలో ఎక్కువగా కరుగుతుంది, తక్కువ నీటితోనే ముద్ద మెత్తబడుతుంది. కరక్కాయ వగరులోని టానిన్లు పట్టు పెంచుతాయి. గుడ్డులోని మాంసకృత్తులూ నేతి జిడ్డూ నీటిని దూరం పెడతాయి. తర్వాత సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి నెమ్మదిగా గట్టిపడి, మళ్లీ గుల్లలో ఉన్న పదార్థంగానే మారుతుంది.

పూత కంటికి కనిపించే పనితనం. పైకప్పు పనితనాన్ని తలెత్తి చూసేవాళ్లు తక్కువ. మద్రాస్ టెర్రస్ అనే ఈ మిద్దెకు టేకు దూలాలు, వాటిమీద దగ్గర దగ్గరగా వాసాలు పరుస్తారు. వాసాల మీద సుమారు ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చిన్న ఇటుకలను అంచుమీద నిలబెట్టి, గదికి ఐమూలగా వరసలు పేరుస్తారు. కింద చెక్కల ఆసరా ఏమీ ఉండదు. మూలలో మొదలయ్యే వరస చాలా పొట్టిది. అది గట్టిపడ్డాక రెండోది దానికి ఆనుతుంది, రెండోదానికి మూడోది. ప్రతి ఇటుకకూ బిరుసైన సున్నం పట్టించి పక్క ఇటుకకు గట్టిగా ఒత్తితే వాసానికీ వాసానికీ మధ్య అది గాలిలోనే నిలుస్తుంది. చూసేవాళ్లకు ఇది గారడీలా ఉంటుంది కానీ మేస్త్రీకి రోజువారీ పని.

ఇటుకల పొర ఆరాక సున్నంతో కలిపిన ఇటుక జల్లిని నాలుగంగుళాల మందాన పరుస్తారు. ఆడ కూలీలు వరసగా కూర్చుని చెక్క బద్దలతో దాన్ని రోజుల తరబడి కొడతారు. బెల్లం, కరక్కాయ నీళ్లు చిలకరిస్తూ, బద్ద ఎగిరి వెనక్కి తన్నేదాకా కొట్టాలి. పట్నం నీరు కారకుండా నిలిచింది ఈ దెబ్బల వల్లనే. యాత్రికుల రాతల్లో మాత్రం స్తంభాల మెరుపుకు దక్కిన చోటు వీళ్లకు దక్కలేదు. జల్లిమీద సున్నంలో పల్చని పెంకులు పరచి, వాన నీరు జారేలా వాలు ఇస్తారు. ఇంత మందం ఉన్న కప్పు ఎండవేడిని గదిలోకి దిగనివ్వదు. ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ శాఖ ద్వారా ఇదే మిద్దె కోస్తా జిల్లాల సర్కారు కట్టడాలకూ పాకింది.

1780లో వచ్చిన చిత్రకారుడు విలియం హోడ్జెస్‌కు సముద్రం మీద నుంచి ఈ తెల్లటి పట్నం ప్రాచీన గ్రీకు నగరంలా తోచింది. 1802లో గోల్డింగ్‌హామ్ కట్టిన బాంక్వెటింగ్ హాల్, అంటే నేటి రాజాజీ హాల్, 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కర్క్ ఈ పూతకు మంచి నమూనాలు. తర్వాతి తరంలో ఇండో సారసెనిక్ ఎర్ర ఇటుక రాజ్యమేలింది. అప్పుడూ లోపలి పట్టు సున్నానిదే. 1892లో ప్రారంభమైన హైకోర్టును కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. విక్టోరియా పబ్లిక్ హాలు కూడా ఆయన కట్టిందే.

ఈ విద్యకు పోటీ కూడా ఈ ఊళ్లోనే పుట్టింది. మన దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది. ముడిసరుకు మళ్లీ సముద్రపు గుల్లలే. ఆ ఫ్యాక్టరీ నిలవలేదు, సిమెంటు నిలిచింది. గానుగలు ఆగిపోయాయి, మెరుగు రాళ్లు మూలపడ్డాయి. తర్వాత పాత గోడల పగుళ్లను సిమెంటుతో పూడ్చడం మామూలైంది. సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతుంది, నేల కుంగినా కాస్త సర్దుకుంటుంది. పైన సిమెంటు పడితే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మరమ్మతు పేరుతో జరిగిన ఈ హాని చాలా కట్టడాల్లో ఏళ్ల నిర్లక్ష్యం చేసిన హానికి తీసిపోదు.

2012లో చేపాక్ ప్యాలెస్‌లోని ఖల్సా మహల్ కాలిపోయాక దాన్ని, తర్వాత పక్కనున్న హుమాయూన్ మహల్‌ను తమిళనాడు పబ్లిక్ వర్క్స్ శాఖ పాత పద్ధతిలోనే పునరుద్ధరించింది. హుమాయూన్ మహల్‌కు మద్రాస్ టెర్రస్‌నే మళ్లీ వేశారు. ఇలాంటి పనులకు చెట్టినాడు వంటి చోట్ల ఇంకా సున్నం పని తెలిసిన మేస్త్రీల అవసరం పడుతోంది. పూత ఆరడానికి పట్టే వారాలను టెండరు గడువులో లెక్కగట్టడం ఇంజనీర్లకు కొత్తగా వచ్చిపడిన చిక్కు. జార్జి టౌన్‌లోని ప్రైవేటు ఇళ్లకు ఆ పాటి దిక్కు కూడా లేదు. అక్కడ మిద్దె కారితే యజమాని పిలిచేది సిమెంటు మేస్త్రీనే.