తోడు అక్కర్లేని చదువు

వర్జీనియా వుల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' (1929)లో కథకురాలిని విశ్వవిద్యాలయ గ్రంథాలయం గుమ్మంలోనే ఆపేస్తారు. కళాశాల ఫెలో ఎవరైనా వెంట ఉండాలి, లేదా పరిచయపత్రం తేవాలి. అప్పుడే స్త్రీలకు ప్రవేశం. ఈ సన్నివేశం స్త్రీవాద విమర్శకు కొత్తదేం కాదు. కానీ 'తోడుంటేనే లోపలికి' అనే ఆ షరతు వైకల్యమున్న విద్యార్థినుల విషయంలో మన దగ్గర చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. కాకపోతే ఇప్పుడది నిషేధంలా కాక, సాయంలా కనిపిస్తుంది.

వీల్‌చైర్‌లో వచ్చిన అమ్మాయితో "పుస్తకం పేరు చెప్పమ్మా, తెచ్చిపెడతాం" అంటారు. మంచి మాటే. కానీ సాహిత్య విద్యార్థి చదువులో సగం అలమరాల మధ్య తిరగడంలోనే ఉంది. ఒక పుస్తకం కోసం వెళ్లి పక్కనున్న ఇంకోటి అందుకుంటాం. పేరే తెలియని పుస్తకాన్ని ఆమె పేరు చెప్పి ఎలా అడుగుతుంది?

చూపులేని విద్యార్థినికి ఈ తోడు మరీ బరువు. అచ్చులో ఉన్నది ఏదైనా ఇంకొకరి గొంతులోంచే ఆమెను చేరాలి. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' కవితా సంకలనాన్నే తీసుకుందాం. స్త్రీ శరీరం గురించీ, కాపురంలోని అణచివేత గురించీ మాట్లాడిన ఆ కవితల్ని అన్నయ్యతోనో నాన్నతోనో చదివించుకోగలదా? చదివే మనిషి మొహమాటపడి ఒక పాదం దాటేస్తే ఆమెకు తెలిసేదెలా? ఆడపిల్లల చదువు మీద ఇంటి కాపలా గురించి ఇంత రాసుకున్నాం కదా, ఈ కాపలా మన లెక్కలోకి రావద్దా?

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పగా విని రాసిన పుస్తకం. నోటి మాటగా మొదలైన ఆ చరిత్ర అచ్చుకే పరిమితమైతే, చెవులతో చదివే పాఠకురాలికి మాత్రం అందదు.

చట్టం అడ్డం అనడానికి లేదు. వైకల్యమున్నవారు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చడం హక్కుల ఉల్లంఘన కాదని 2012 కాపీరైట్ సవరణ చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటిచ్చి పుస్తకం ఇవ్వకపోతే అది ఏం చదువు?

పని పెద్దదేం కాదు, కానీ ఓపికగా చెయ్యాలి. పుస్తకాన్ని స్కాన్ చేసి వదిలేస్తే కంప్యూటర్‌కి అది ఒట్టి బొమ్మ, స్క్రీన్ రీడర్ చదవలేదు. దాన్ని అక్షరాలుగా మార్చాలి. వత్తులూ గుణింతాలూ తప్పుపోతాయి కనుక ఒకరు కూర్చుని దిద్దాలి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థంలేని గుర్తుల వరస. యూనికోడ్‌లోకి మారిస్తే ఉచితంగా దొరికే ఎన్‌విడిఎ కూడా చదివి వినిపిస్తుంది. ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ ఇందుకో ఉద్యోగి ఉండాలి. సిలబస్ పుస్తకాలు పరీక్షల ముందు కాదు, తరగతులు మొదలయ్యేనాటికే అందాలి.

స్త్రీల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలకూ ఇందులో బాధ్యత ఉంది. అచ్చుకి వెళ్లే ప్రతి పుస్తకం యూనికోడ్ ప్రతిని గ్రంథాలయాలకు ఇవ్వొచ్చు. అప్పుడు ఏ అమ్మాయైనా తను ఏం చదువుతోందో ఎవరికీ చెప్పకుండా, నచ్చిన పాదం దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి, తన ఇష్టమొచ్చినట్టు చదువుకుంటుంది.