ఇద్దరు రంభలు, ఒక సుగాత్రి: ‘కళాపూర్ణోదయం’ గురించి ఒక పాఠకుని అభిప్రాయం

పదహారవ శతాబ్దిలో పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయం’ ఎనిమిది ఆశ్వాసాల పద్యకావ్యం. అయినా దానిని నవలగా పరిగణించిన విమర్శకులు ఉన్నారు. పురాణ కథను ఆశ్రయించకుండా కవి స్వయంగా కల్పించుకున్న ఇతివృత్తం, ముందు జరిగింది వెనుక తెలిసే కథనం, పాత్రల మనస్సుల్లోని సంఘర్షణ ఇందుకు కారణాలు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వ తత్త్వ విచారము’ ద్వారా సూరన కల్పనాశక్తిని తెలుగువారి ఎదుట నిలిపారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం 2002లో వెలువడింది. ఇంత చర్చ జరిగినా ఇది ప్రేమకథగా, అందునా పరిణత వయస్కుల ప్రేమకథగా చదవబడిన సందర్భాలు తక్కువేనని నా భావన.

కలకత్తాలో నివసించే తెలుగు పాఠకునికి ఈ కావ్యం చదువుతున్నప్పుడు భారతచంద్రుని ‘విద్యాసుందర్’ తప్పక గుర్తుకు వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో కృష్ణనగర ఆస్థానంలో పుట్టిన ఆ కథ ‘అన్నదామంగళ్’లో భాగం. 1816లో గంగాకిశోర్ భట్టాచార్య ఈ నగరంలోనే దానిని బొమ్మలతో అచ్చువేశారు. 1835లో శ్యామ్‌బజార్‌లోని నవీన్‌చంద్ర బసు గృహంలో అది నాటకంగా ప్రదర్శితమైంది. తరువాతి తరం విద్యావంతులు దానిని అశ్లీలమన్నారు. మన ప్రబంధాలకూ ఆ కాలంలో అదే గతి పట్టింది. శృంగారం ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే గ్రంథాలను తూచినందువల్ల, ఆ శృంగారం ఏమి చెబుతున్నదన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

సూరన విషయంలో ఆ రెండవ ప్రశ్నే ముఖ్యం. ద్వారకలోని వేశ్య కలభాషిణి, ఆకాశమార్గాన రంభతో కలిసి విహరించే నలకూబరుని చూసి మోహిస్తుంది. మణికంధరుడనే గంధర్వుని తపస్సు భంగపరచడానికి రంభ వస్తుంది. అతడు లొంగిపోతాడు. కాని అతని కౌగిలిలో ఉన్నప్పుడు రంభ పలికినది నలకూబరుని పేరు. ఒక పురుషునికి ఇంతకంటె పరాభవం ఏముంటుంది? మణికంధరుడు కోపించి శపించలేదు. నలకూబరుని రూపమే ధరించాడు. అటు కలభాషిణి రంభ రూపం దాల్చింది. ఇద్దరు మాయారూపులు ఒకరినొకరు నిజమని నమ్మి ప్రేమించుకున్నారు. తరువాత అసలు రంభ ఎదురుపడగా ఇద్దరు రంభల మధ్య సాగే కలహం నవ్వు పుట్టిస్తుంది. ఆ నవ్వు చల్లారిన తరువాత మిగిలే వేదన మాత్రం చిన్నది కాదు. మనలను మనంగా ప్రేమించాలని కోరుకుంటూనే, ప్రేమ పొందడానికి మరొకరి ముఖం తొడుక్కుంటాం. ఈ సత్యాన్ని మాయల కథలో ఇమడ్చడం సూరన ప్రతిభ. ‘విద్యాసుందర్’లో ప్రేమికులకు అడ్డు రాజభయం. ఇక్కడి అడ్డు ప్రేమికుల లోపలే ఉన్నది.

దీనికి సమాధానమా అన్నట్లు కవి శాలీన సుగాత్రుల కథను ఉంచాడు. కాశ్మీరంలోని శారదాపీఠం దాని నేపథ్యం. సర్వాలంకారాలతో శయ్యకు వచ్చిన భార్య సుగాత్రిని సిగ్గరి అయిన శాలీనుడు కన్నెత్తి చూడడు. తోటపనికి దిగిన భర్త గాలివానలో చిక్కుకున్నప్పుడు, ఆమె నగలు తీసివేసి అతనికి సాయపడటానికి పరుగెత్తుతుంది. అప్పుడు, తన పక్కన శ్రమిస్తున్న ఆ నిరాభరణ రూపం అతని మనస్సును కదిలిస్తుంది. ఈ ఒక్క ఘట్టం కోసమైనా కావ్యం చదవవచ్చునంటే అతిశయోక్తి కాదు. వర్ణనలకు, ఆభరణాలకు పెట్టింది పేరైన ప్రబంధయుగంలో, అలంకారం తొలగిన చోట అనురాగం పుట్టిందని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

అయితే లోపాలు లేవని కాదు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే భూలోకంలో జరిగే కథగా మారడం అద్భుతమైన కల్పన. కాని చిక్కుముడులన్నీ విడివడిన తరువాత వచ్చే కళాపూర్ణుని రాజ్యవైభవ భాగం మొదటి ఆశ్వాసాలంత ప్రాణవంతంగా లేదు. అంతకంటె నన్ను బాధించిన విషయం మరొకటి ఉన్నది. మణికంధరుడు కళాపూర్ణుడై పుడతాడు. కలభాషిణి రాచకన్య మధురలాలసగా పుట్టి అతనిని వివాహమాడుతుంది. మరణించి మరొక కులంలో జన్మిస్తే తప్ప వేశ్య పట్టమహిషుల సరసన చేరలేదన్నమాట! రూపాన్ని దాటి మనిషిని చూడమన్న కవి, పుట్టుకను దాటి చూడలేకపోయాడా, లేక ఆనాటి సమాజం పెట్టిన హద్దునే మనకు చూపుతున్నాడా? నేను మొదటిదే అనుకుంటాను. రెండవది నిజమైతే సంతోషిస్తాను.

ఆలీపూర్‌లోని బెల్వెడియర్ ఆవరణలో ఉన్న జాతీయ గ్రంథాలయంలో తెలుగు, వంగ గ్రంథాలు ఒకే కప్పు కింద ఉన్నవి. తెలుగు కావ్యాలను ఉద్ధరించిన సి.పి.బ్రౌన్ 1798లో జన్మించినది కూడా ఈ నగరంలోనే. ‘కళాపూర్ణోదయం’, ‘విద్యాసుందర్’ ఒకరి భాషలోనికి మరొకరిని తెచ్చే పూర్ణానువాదాలుగా, ఏ ఘట్టమూ కత్తిరించకుండా, పక్కపక్కన చదవబడాలి. నగలు తీసిన సుగాత్రిని శాలీనుడు చూసినట్లు, ముందే వేసుకున్న ముద్రలు తొలగించి మనం ఈ కావ్యాన్ని చూడగలిగితే, నాలుగు శతాబ్దాల నాటి ఈ కథ నేటి కథగానే కనబడుతుంది.